మంజీర ముడి

వాకిలి ఊడ్చి లోపలికి వచ్చిన సుమిత్రమ్మకు గోడకు తగిలించిన కొత్త గాలపుకట్టె కొన నుంచి నీళ్ళు కారుతూ కనిపించాయి. చుక్కను వేలితో అందుకుని నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది.

ఆమె పైకప్పు వైపు చూసింది. పుష్యమాసం, వాన లేదు. పెంకులు పొడిగా ఉన్నాయి. బోధన్‌లో ఏ బావి నీళ్ళు తాగినా తియ్యగానే ఉంటాయి. ఉప్పునీళ్ళున్న సముద్రం ఇక్కడికి ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణమంత దూరంలో ఉంది. ఆ కట్టె ఇంతవరకు సముద్రం మొహం చూడలేదు. నిజామాబాద్ నుంచి తెచ్చి గోడకు తగిలించి వారమైనా కాలేదు.

సుమిత్రమ్మ కట్టెను దించబోయి ఆగిపోయింది. రీలు నుంచి జారిన దారం కిందికి వేలాడుతోంది. దాని చివర ఒక ముడి ఉంది. మనిషి మణికట్టు పట్టేంత ఉచ్చు, దాని మీద రెండు మెలికలు.

ఆమె పిలుపుకు కూతురు గోదావరి పరుగెత్తుకొచ్చింది. వెనకే అత్త హన్మవ్వ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. ముసలామెకు చూపు ఆనదు. చేతివేళ్ళతో ఆ ముడిని తడిమింది. మళ్ళీ తడిమింది. ఎండిన ముఖం మీద నవ్వు పరుచుకుంది.

"గిది నా లింబడి ముడి," అంది. "నా కొడుకు ఇంటికచ్చిండు."

పెరట్లోంచి వేపపుల్ల నములుతూ వచ్చిన భూమన్న గుమ్మంలో ఆగి కట్టెను చూశాడు, తల్లిని చూశాడు. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. గోడ మీది చొక్కా తీసుకుని వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

లింబయ్య భూమన్న తమ్ముడు. గంగపుత్రుల ఇల్లు వాళ్ళది. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి మంజీర ఒడ్డున చేయి పట్టుకుని నడిపించి, వల విసరడం, గాలం వేయడం నేర్పింది భూమన్నే. తర్వాత భూమన్న షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు రసం ఉడికించే పాన్ దగ్గర పనికి కుదిరాడు. లింబయ్య బొంబాయి వెళ్ళాడు. అక్కడ ఒక ఆదివారం సముద్రం ఒడ్డున రాళ్ళ మీద గాలం వేస్తుంటే అల వచ్చి లాక్కుపోయిందని కబురు వచ్చింది. భూమన్న వెళ్ళి వెతికాడు. వెదురు గాలపుకట్టె కూడా దొరకలేదు. కళ్ళతో చూడని చావుకు దినాలు చేయనివ్వనని హన్మవ్వ పట్టుబట్టింది. గోదావరికి అప్పటికి పదేళ్ళు. ఇప్పుడు ఆమెకు పెళ్ళి కుదిరింది.

కుదిరింది కూడా బొంబాయి సంబంధమే. సుమిత్రమ్మ అన్న కొడుకు సిద్దిరాములు అక్కడ ఓడరేవులో పని చేస్తాడు. ప్రతి వేసవిలో వచ్చినప్పుడు మేనత్త ఇంట్లో బీడీలు చుట్టే చాట ముందు కూర్చుని, ఆకు కత్తిరించడం రాక వేళ్ళు కోసుకుని, గోదావరిని నవ్వించి వెళ్ళేవాడు. ఆదివారాలు స్నేహితుని గాలపుకట్టె అడుక్కుని సముద్రం దగ్గరికి పోతానని అతను ఒకసారి చెప్పాడు. అది గుర్తుపెట్టుకున్నది భూమన్నే. అందరూ అల్లుళ్ళకు గడియారం పెడతారు, గంగపుత్రుల ఇంటి అల్లునికి గాలం పెట్టాలని ముచ్చటపడ్డాడు. వచ్చే గురువారం పూలుపండ్లు, నిశ్చితార్థం. ఆ రోజు నలుగురి ముందు కట్టెను అతని చేతిలో పెట్టాలని నిర్ణయం.

కట్టె కొనడానికి నిజామాబాద్ వెళ్ళినప్పుడు తండ్రితో గోదావరి కూడా వెళ్ళింది. స్టేషన్ దగ్గర లతీఫ్ భాయి దుకాణంలో వలలు, సీసపు గుండ్లు, కొక్కేలు దొరుకుతాయి. లతీఫ్ యవ్వనమంతా బొంబాయిలో గడిపినవాడు. అక్కణ్ణుంచి తెప్పించిన మూడు సముద్రపు కట్టెలను గోడకు నిలబెట్టి చూపించాడు. భూమన్న చిన్న పిల్లవాడిలా సంబరపడ్డాడు. ఒక్కో కట్టెను వేలి మీద ఆనించి బరువు ఎక్కడ తూగుతుందో చూశాడు. కొనను నేలకు నొక్కి ఎంత వంగుతుందో చూశాడు. మొదటిది వెదురుది, తేలికగా ఉంది, కానీ ఇనుప రింగులకు ఉప్పు గాలి తగిలితే ఒక్క వానాకాలానికే తుప్పు తినేస్తుందని లతీఫే చెప్పాడు. రెండోది బరువు. మూడోది గాజునారతో చేసిందట. ఇత్తడి రింగులు, పిడికి ఆకుపచ్చ దారం చుట్టు. అది చేతిలోకి తీసుకుని భూమన్న ఎంతకూ కింద పెట్టకపోతే, అల్లునికిస్తున్నవా నువ్వే ఉంచుకుంటవా అని లతీఫ్ ఎగతాళి చేశాడు.

అప్పుడు భూమన్న ఒక మాట అడిగాడు. "అన్నీ మంచిగున్నయి భాయి. చేతికి కట్టుకునే ముడి యాడ ఏస్తరు దీనికి?"

లతీఫ్ నవ్వాడు. "భూమన్నా, గిది మంజీర కాదు. చేప గుంజితే దారం ఇడవనీకే గీ రీలు ఉన్నది. సముద్రంల దారం చేతికి కట్టుకున్నోన్ని మళ్ళ దారం పట్టుకొనే ఎతకాలె."

హాస్యానికే అన్నాడు. గోదావరి కూడా నవ్వింది. భూమన్న నవ్వలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తెప్పించిన చాయ్ తాగలేదు. బోధన్ బస్సులో కట్టెను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఊరొచ్చేదాకా నోరు విప్పలేదు. పొడుగు కట్టెను బస్సెక్కించినందుకు కండక్టర్ గొణిగితే తండ్రికి చిరాకేసిందని గోదావరి అనుకుంది.

మర్నాడు కట్టె మళ్ళీ తడిసింది. ఆ మర్నాడూ తడిసింది. ఆరిన చోట తెల్లటి ఉప్పు పొర కట్టింది. ఫ్యాక్టరీ గొట్టం నుంచి ఎగిరి పడే నల్ల బూడిద ఆ పొర మీద వాలి, పాత వస్తువేదో నీళ్ళ అడుగు నుంచి తీసినట్టు కనబడింది. ప్రతిసారీ దారం చివర అదే ఉచ్చు, అవే రెండు మెలికలు. సుమిత్రమ్మ కత్తెరతో కోసి పొయ్యిలో వేసినా మళ్ళీ వచ్చేది. ఆ ముడి ఎలా కట్టాలో ఆమెకు తెలియదు. గోదావరికి తెలియదు. చూపు ఆనని హన్మవ్వకు తడిమి గుర్తుపట్టడమే తప్ప కట్టడం రాదు.

హన్మవ్వ ఒక్కతే భయపడలేదు. పొద్దున్నే స్నానం చేసి కట్టె కింద పీట వేసుకుని కూర్చునేది. ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరికి పిల్లలు పుట్టారో, పాత ఇల్లు ఎందుకు అమ్మారో మెల్లగా చెప్పుకునేది. ఎవరో అడ్డు ప్రశ్న వేసినట్టు మధ్యలో ఆగి, ఊఁ అని, మళ్ళీ మొదలుపెట్టేది. పక్క గదిలో బీడీలు చుడుతున్న తల్లీకూతుళ్ళ చేతులు ఆగిపోయేవి.

తర్వాత ఆమె తన అన్నం పళ్ళెం తీసుకెళ్ళి కట్టె కింద పెట్టడం మొదలుపెట్టింది. ఇన్నేండ్లు ఉప్పునీళ్ళు తాగినోడు, ముందు వాడు తినాలె అంది. రెండో పళ్ళెం పెట్టిస్తే అదీ అక్కడే పెట్టింది. బతిమాలితే ఒక ముద్ద నోట్లో వేసుకుని, మిగతాది కొడుక్కే అనేది. చూస్తుండగానే ఆమె చెంపలు లోపలికి పోయాయి. నడిస్తే గోడ కూడా ఆసరా చాలడం లేదు. భూమన్న తల్లి ముందు కూర్చుని తినమని అడిగాడు. ఆమె అతని తల నిమిరి, తమ్ముడు వచ్చిన సంతోషానికి తనకు ఆకలి కావడం లేదని చెప్పింది. భూమన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు తిరిగి రాలేదు.

సోమవారం పొద్దున సుమిత్రమ్మ తెగించింది. బీడీల చాట పక్కకు తోసి భర్త ముందు నిలబడింది. సిద్దిరాములు తన రక్తమే, తన అన్న కొడుకే, అయినా పిల్లను ఆ సముద్రం పక్కకు పంపనంది. ఒకణ్ణి మింగింది చాలక ఇంట్లోకే వచ్చి కూర్చుందంది. మరిది వద్దని చెప్పడానికే వస్తున్నాడని, ఇంకా అర్థం కాకపోతే తాము మనుషులమే కాదని ఏడ్చింది.

భూమన్న తల వంచుకుని విన్నాడు. "నేనైతే మాట ఇచ్చిన. నా నోటితోని వాపసు తీసుకోను. ఆడోళ్ళు మీరు వద్దంటే మీ ఇష్టం. నేను అడ్డం రాను."

"అయితే రేపు మా అన్నకు కబురు పంపుత," అంది సుమిత్రమ్మ.

ఆ మాట వినగానే భూమన్న భుజాలు కిందికి జారాయి, మోస్తున్న మూట ఎవరో దించినట్టు. అది గోదావరి చూసింది.

రేపు కబురు వెళితే సిద్దిరాములు ఇక ఈ గడప తొక్కడు. పంతానికి కాదు, అత్తను బాధపెట్టలేక. అతను చెప్పిన సముద్రం, అతని నవ్వు, అక్కడ అతను చూసిపెట్టిన రెండు గదుల ఇల్లు, అన్నీ ఒక తడి కట్టెకు పోతాయి. దయ్యం నిజమైతే తానూ తలవంచుతుంది. కానీ తండ్రి భుజాలు ఎందుకు జారాయి?

ఆ సాయంత్రం వంటకు ఉప్పు తీయబోతే జాడీలో చెయ్యి అడుగు దాకా వెళ్ళింది. మొన్ననే నింపిన జాడీ. గోదావరి అలాగే కూర్చుండిపోయింది. తర్వాత ఒక్కో పొద్దున గుర్తు చేసుకుంది. అన్ని పొద్దులూ కట్టె తడవలేదు. శుక్రవారం పొడిగా ఉంది. శనివారమూ పొడిగా ఉంది. అవ్వ ఆ రెండు రోజులూ దిగులుగా, లింబడికి కోపమొచ్చిందని అంది. ఆ రెండు రోజులూ తండ్రిది రాత్రి షిఫ్టు.

వంటింట్లో తల్లికి మెల్లగా చెప్పింది. సుమిత్రమ్మ కొట్టినంత పని చేసింది. తమ్ముని పేరు వింటే ఇప్పటికీ కళ్ళు తుడుచుకునే మనిషి మీద ఇంత నింద వేస్తావా అని తిట్టింది. చచ్చినోళ్ళు వాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడు వస్తారు, షిఫ్టులు చూసుకుని రారు అంది.

"ఇయ్యాల బాపుకు రాత్రి షిఫ్టే," అంది గోదావరి. "రేపు పొద్దుగాల కట్టె పొడిగుంటది సూడు. అప్పుడు నేనొక పని చేస్త. నువ్వు నోరు మూసుకొని సూడు చాలు. బాపు మొఖం సూసినంక కూడా నీకు గిట్లనే అనిపిస్తే, కబురు నువ్వు పంపుడు కాదు, నేనే పోయి మామకు చెప్పొస్త."

తెల్లవారింది. కట్టె పొడిగా ఉంది. సుమిత్రమ్మ దాన్ని అరచేత్తో తడిమి కూతురి వైపు చూసింది. హన్మవ్వ వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది. గోదావరి చెంబులో మిగిలిన ఉప్పు కలిపి, తల్లి కళ్ళ ముందే కట్టెను పై నుంచి కింది దాకా తడిపింది. దారం వదులు చేసి వేలాడదీసింది. ముడి కట్టడం ఆమెకు రాదు. చివర అలాగే వదిలేసింది.

సైరన్ మోగింది. చెరుకు బండ్ల చప్పుడు మధ్య నుంచి భూమన్న నడిచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, చెరుకు మడ్డి వాసన కొట్టే చొక్కా విప్పుతూ లోపలికి వచ్చాడు. తల్లీకూతుళ్ళు తలుపు చాటున నిలబడ్డారు.

భూమన్న తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. చేతి మీద చుక్క పడింది.

అతను తలెత్తాడు. కట్టె మొత్తం తడిసి మెరుస్తోంది. అతను అరవలేదు. చెయ్యి నాలుకకు ఆనించుకున్నాడు. అతని ముఖంలో నెత్తురు దిగిపోవడం గోదావరికి స్పష్టంగా కనబడింది. మెల్లగా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు, అక్కడ ఎవరో వచ్చి నిలబడినట్టు. మళ్ళీ కట్టె వైపు తిరిగి దారాన్ని వేళ్ళ మధ్య నుంచి జారుస్తూ చివరి దాకా వెతికాడు. చివర ఏమీ లేదు. మళ్ళీ పై నుంచి వెతికాడు. ఉచ్చు లేదు, మెలికలు లేవు. ఉత్త దారం.

అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"లింబా," అన్నాడు, వినీ వినబడనట్టు. "ముడి ఇప్పుకున్నవా తమ్మీ? ఇప్పుకొని వచ్చినవా?"

దొరికావు అనడానికి సిద్ధంగా ఉన్న గోదావరి నోట ఆ మాట రాలేదు. దారం చివరను అతను చెంపకు ఆనించుకుని ఉన్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఈ మనిషి ఎప్పటికీ ఆ నేల మీంచి లేవడని ఆమెకు భయం వేసింది. వెళ్ళి పక్కన కూర్చుంది.

"బాపూ, గవి నేను పోసిన నీళ్ళు. అమ్మ ముంగటనే పోసిన. ముడి నాకు రాదు, గందుకే లేదు."

కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఎన్నాళ్ళకో వచ్చిన చుట్టం గడప దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతే ఎలా చూస్తారో అలా చూశాడు. లోపలి అలికిడి విని హన్మవ్వ వాకిట్లోంచి వచ్చింది. చేతిలో పొద్దుటి అన్నం పళ్ళెం ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు.

"ఇయ్యాల పోసింది గోదావరి," అంది ముసలామె. "మరి గిన్నొద్దులు పోసిందెవరు, పెద్దోడా?"

భూమన్న తల్లి పాదాల వైపు చూస్తూ చెప్పాడు.

"నేనే అవ్వా. మీరు లేవకముందే చెంబుల ఉప్పు కలిపి గుడ్డతోని కట్టెకు రుద్దిన. సుమిత్ర భయపడాలె, పెండ్లి వద్దనాలె, నా మాట పోవద్దు, గంతే అనుకున్న. నువ్వు తమ్ముడచ్చిండని పళ్ళెం పెడ్తవనుకోలే. నువ్వు తినుడు బందువెట్టినంక ఇడిశిపెడదామనుకున్న. పొద్దుగాల లేస్తే చెయ్యి చెంబు కాడికే పోయేది.

"ముడి మాత్రం కావాలని కట్టలే. కట్టె తడిపి, దారం చుడదామని పడితే చెయ్యి దానంతట అదే కట్టేది. కట్టినంక సూస్కొని నాకే గుండె జల్లుమనేది. లింబడు చిన్న పోరడప్పుడు మంజీర ఒడ్డున వాని చేతికి గిట్లనే కట్టిన. పెద్ద వాలుగ చేప పడితే దారం గుంజుకపోతదిరా, చేతికుంటే యాడికీ పోదు అని చెప్పిన. వాడు నా మాట ఎన్నడు తప్పిండని.

"బొంబాయికి పోయినప్పుడు వాని తోటోళ్ళు చెప్పిండ్రు. అల రాంగనే మేమంత కట్టెలు పారేసి ఎనుకకు దుంకినం, లింబన్న చెయ్యి రాలే అని. చెయ్యి రాకపోవుడేందో గిన్నేండ్లు నాకు సమజ్ కాలే. లతీఫ్ భాయి నవ్వుకుంట చెప్పిన గా ఒక్క మాటకు సమజైంది. వాన్ని సముద్రం తీస్కపోలే అవ్వా. నా ముడి తీస్కపోయింది. గా దుకాన్ల కట్టె నా చేతులనే ఉన్నది. దాన్ని పట్టుకొని గా రాళ్ళ మీద సిద్దిరాములు నిలవడ్డట్టు కనబడ్డది. నా చెయ్యి తగిలిన ఏ గాలమూ సముద్రానికి పోవద్దనిపించింది. గీ మాట చెప్తే ముడి సంగతి చెప్పాలె. నీకు చెప్పే ధైర్యం లేక దయ్యాన్ని తెచ్చిన."

హన్మవ్వ పెదవులు ఒకసారి లింబా అన్నట్టు కదిలాయి, చప్పుడు రాలేదు. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుంది. వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి పెద్ద కొడుకు కుడి చేయి దొరకబుచ్చుకుని, మణికట్టు మీద బొటనవేలితో రుద్దింది, అక్కడ కట్టు ఏదో బిగిసి ఉన్నట్టు. ఇన్నాళ్ళూ కట్టె కింద పెట్టిన పళ్ళెం ఇవాళ అతని ముందుకు జరిపింది. సుమిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కబురు సంగతి ఆమె ఎత్తలేదు.

భూమన్న ఒక ముద్ద కలిపి ముందు తల్లి నోటికి అందించాడు. ఆమె నోరు తెరిచింది.

"తిను అవ్వా. లింబడు రాలే. ఇగ రాడు. గురువారం ఎల్లినంక మంజీరకు పోయి వాని దినాలు చేద్దాం. గోదావరీ, కట్టెను మంచినీళ్ళతోని కడుగు బిడ్డా, ఇత్తడి రింగులు పాడైతయి. అది సిద్దిరాములుకే ఇద్దాం, నా చేతులతోనే ఇస్త. ఇచ్చేటప్పుడు నలుగురి ముంగట ఒక్కటే చెప్త. అల్లుడా, ఎంత పెద్ద చేప పడనీ, గుంజితే ఇడిశిపెట్టు. దారం పోతే పోనీ, కట్టె పోతే పోనీ, చేతులు ఊపుకుంట ఇంటికి రా. గీ మాట గప్పుడు నా తమ్మునికి చెప్పలే."